ప్రెసిడెంటుగారి వీధి నీళ్లు

ప్రెసిడెంటుగారి వీధికి కుళాయి నీళ్లు సరిగ్గా రావడం లేదు. ఆయన గెలిచినప్పటి నుంచీ ఇదే వరస. ఓడిపోయినవాడే పంచాయతీ నీళ్ల మనిషిని బుట్టలో వేసుకుని తనను ఏడిపిస్తున్నాడని ఆయనకు గట్టి అనుమానం.

ఒక ఉదయం చెప్పాపెట్టకుండా నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లారు. నీళ్ల మనిషి మిగతా వీధుల వాల్వులన్నీ పూర్తిగా తిప్పి, ఈయన వీధిది మాత్రం సగంలో ఆపేశాడు.

"దొరికావురా! ఎవడు చెప్పాడు నీకిలా చెయ్యమని?"

"ఎవరూ లేరండీ."

"పేరు చెప్తావా, ఉద్యోగం ఊడగొట్టమంటావా?"

అతను తలొంచుకున్నాడు. "మీ ఇంట్లో అమ్మగారేనండీ. నీళ్లన్నీ ప్రెసిడెంటు వీధికే పోతున్నాయని ఎవరూ వేలెత్తి చూపకూడదన్నారు. చాలకపోతే బోరింగు దగ్గర పట్టుకొచ్చుకుంటానన్నారు."



"ఆ మాటేదో ఆవిడ నాతోనే చెప్పొచ్చుగా!"

"నేనూ అదే అన్నానండీ. మీ చెవిన మాత్రం వెయ్యొద్దన్నారు. తెలిస్తే ముందు మన వీధికే వదలమంటారు, ఆయన సంగతి నాకు తెలుసు అన్నారు."

ప్రెసిడెంటుగారు పొద్దున్నే లేచి అంత దూరం వచ్చింది సరిగ్గా ఆ మాట చెప్పడానికే.