వీణ వెనక గొంతు

ఆ ఉదయం కొట్టు తెరిచేటప్పటికి గ్రంధి నాగభూషణానికి ఉన్నవల్లా రెండు ఖరీదైన హెడ్‌ఫోన్లు, పల్లెత్తు మాట అనని భార్య. ఇంట్లోవాళ్ల సణుగుడును వినపడకుండా చెరిపేసే, గింజంత చెవి యంత్రం, అందరూ గింజ అనేది, బెజవాడలో అందరి చెవుల్లో ఉన్నట్టే ఆయన చెవిలోనూ మూడేళ్లుగా ఉంది. హెడ్‌ఫోన్లే కదలడం లేదు. వెనక జాలీ ఉండి, బయటి చప్పుడును కూడా లోపలికి రానిచ్చే రకం అవి. పెట్టుకోవాలంటే గింజ తీయాలి. తీసి, రెండింటినీ పోల్చి విన్న ప్రతివాడూ ఓ దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు. ఈ పూట కూడా అమ్ముడుపోకపోతే వాటిని పాతసామానులో వేసేయాల్సిందే.

వీణ మాస్టారు శేషుబాబు వచ్చి, తన గింజ తీసి, ఒకే వీణ రికార్డును రెండింటిలోనూ విన్నాడు.

"మొదటిదాంట్లో వీణ నిండుగా ఉందండీ, ఆడగొంతు కాస్త దూరం. రెండోదాంట్లో ఆవిడ పక్కనే కూర్చున్నట్టుంది."

"ఆడగొంతేంటండీ? అది ఒట్టి వీణ!"

"మొదటిదాని ఎడమ చిప్ప పగిలితే జిగురుతో అతికించారంటోందే మరి!"

నాగభూషణం తన గింజ పీకాడు. వెనక బీరువా తుడుస్తూ భార్య మాణిక్యం అంటోంది: "మూడేళ్లబట్టి మొత్తుకుంటున్నా. అతుకు దాస్తే రెండోదాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు? ఉన్నమాట చెప్పి అమ్మండి!"

చెప్పాడు. మాస్టారు నవ్వి రెండోది కొనుక్కుపోయాడు.

సాయంత్రానికి లెక్క చూసుకుంటే మిగిలింది అతుకుల హెడ్‌ఫోన్ ఒకటి, ఇన్నాళ్లూ కొట్టులోనే ఉన్న తెలివైన భాగస్వామి ఒకరు. గింజను మాత్రం పారేయకుండా జేబులో ఉంచుకున్నాడు. మాణిక్యం ఇంకా మొదటి ఏడాది సంగతులే చెబుతోంది.