విక్టోరియాలో పదిహేను రోజులు

గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద ఆకుపచ్చ ట్రామ్ ఒకటి ప్రత్యక్షమైంది.

"ఇది మెల్‌బోర్న్ డౌన్‌టౌన్. నేను దిగిన హోటల్ ఈ మలుపులోనే," అన్నాడు యోగానంద్.

రామమోహన్ కొరకబోయిన మిరపకాయ బజ్జీని తిరిగి ప్లేట్లో పడేశాడు.

యోగానంద్ జన్మలో ఆస్ట్రేలియా మొహం చూడలేదు. ఆ సంగతి రామమోహన్‌కి నూటికి నూరుపాళ్ళూ తెలుసు. ఎలా తెలుసనేది వేరే విషయం. పరాయి స్లయిడ్లు పట్టుకొచ్చి, పరాయివాడి ప్రొజెక్టర్‌లో పెట్టి, అరగంటగా కోతలు కోస్తున్నాడు. ఆ ప్రొజెక్టర్ రామమోహన్‌దే. ఈ బేస్‌మెంటూ, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ ఇల్లూ, ఈ బజ్జీలూ కూడా అతనివే.

వట్టి కోతలైతే పోనీలే అనుకోవచ్చు. కానీ ఇవి పెళ్ళిచూపులు. ఎదురుగా సోఫాలో కూర్చున్నది జయంతి, రామమోహన్ భార్య సుమతికి చెల్లెలు. డెట్రాయిట్‌లో డాక్టరుగా రెసిడెన్సీ చేస్తోంది. ఈ దేశంలో ఆ పిల్లకి పెద్దదిక్కు రామమోహనే. కాఫీ కప్పులూ, తలవంచుకోవడాలూ తనవల్ల కాదని ఆమె ఖరాఖండిగా చెప్పడంతో, సుమతి ఆదివారం లంచ్‌కి అబ్బాయిని పిలిచి, "మీ ట్రిప్ స్లయిడ్లు తెస్తారా?" అని అడిగింది. అతగాడు తెచ్చాడు.

క్లిక్. ఊరి బయట కొండలు. దారికి రెండు పక్కలా ఎర్రబారిన చెట్లు.

"ఏప్రిల్ కదా, స్ప్రింగ్ అప్పుడే మొదలైంది," అన్నాడు యోగానంద్.

ఆకులు రాలిపోతుంటే స్ప్రింగేమిట్రా నీ మొహం! రామమోహన్ పళ్ళు నూరుకున్నాడు. ఇక్కడ మంచు కరిగే వేళకి అక్కడ శిశిరం వస్తుందని కూడా తెలియదు వెధవకి. తెలియకపోతే పోయె, నోరైనా మూసుకోడు. జయంతి కళ్ళింత చేసుకుని చూస్తోంది. ఇంత చదివిన పిల్లకి ఆ మాత్రం తట్టదేం?

క్లిక్. సముద్రంలో నిటారుగా నిలబడ్డ రాతిస్తంభాలు.

"గాలికి మనిషి ఎగిరిపోవాల్సిందేనండీ. అయినా గంటసేపు అక్కడే నించున్నా. ఒంటరిగా. జీవితం గురించి ఆలోచిస్తూ."

"అబ్బ!" అంది జయంతి.

జీవితం గురించి ఆలోచించాట్ట! రామమోహన్‌కి ఆ గొంతే కంపరంగా ఉంది. ఆ నవ్వూ, ఆ నూనె రాసిన జుట్టూ, చేతిలో రిమోట్ పట్టుకున్న తీరూ, అన్నీ అసహ్యంగానే ఉన్నాయి. ఇంటికి పిలిచిన మనిషిని నలుగురిలో ఎలా కడిగేస్తాం అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

క్లిక్. దుప్పటి ఉత్త తెల్లగా వెలిగింది. ట్రేలో ఆ గడి ఖాళీ.

"ఇది సరిగ్గా రాలేదండీ, తీసేశాను," అంటూ యోగానంద్ రామమోహన్ వైపు తిరిగి నవ్వాడు.

మరో రెండు స్లయిడ్ల తర్వాత మళ్ళీ ఖాళీ. మళ్ళీ అదే నవ్వు. రామమోహన్‌కి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

క్లిక్. ఇసుకలో బారులు తీరిన బుల్లి పెంగ్విన్లు.

"హౌ క్యూట్!" అంది జయంతి. "ఇవి ఏ టైమ్‌లో ఒడ్డుకొస్తాయండీ?"

"ఎర్లీ మార్నింగ్. నాలుగింటికే లేచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళా."

"పొద్దుగూకేటప్పుడు!" రామమోహన్ నోరు జారింది.

అందరూ అతనివైపు తిరిగారు.

"అంటే... ఏదో మ్యాగజైన్‌లో చదివాలే."

"బావా, నువ్వు చదవడమేగా! చూసేదెప్పుడు?" అని జయంతి పకపకా నవ్వింది.

"మీ బావా? నన్ను నయాగరా తీసుకెళ్ళడానికే ఆయనకి ఆరేళ్ళు పట్టింది," అంది సుమతి.

అందరికంటే గట్టిగా నవ్వినవాడు యోగానంద్. "ఔనండీ, ఈవెనింగే. నేనే కన్ఫ్యూజ్ అయ్యా," అని తేలిగ్గా దిద్దుకున్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని జన్మ!

షో అయిపోయింది. లైట్లు వేశారు. సుమతి మొగుణ్ణి బేస్‌మెంట్ మెట్ల మీదుగా పైన కిచెన్‌లోకి లాక్కెళ్ళింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"జయంతి సరేనందండీ! ఇన్నాళ్ళకి తలూపింది. మీ స్నేహితుడే కదా, మీకు తెలియందేముంది? ఒక్క మాట చెప్పండి. నమ్మదగ్గ మనిషేనా? మీరు ఊఁ అంటే రాత్రికి ఏలూరు కాల్ బుక్ చేసి నాన్నకి చెప్పేస్తాను."

రామమోహన్ నోరు తెరిచాడు. వాడు పచ్చి అబద్ధాలకోరు అని చెప్పాలి. మూడు మాటలు చాలు, పిల్ల గట్టెక్కుతుంది.

యోగానంద్ ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "కొంచెం మంచినీళ్ళు కావాలండీ," అన్నాడు వినయంగా.

సుమతి గ్లాసు అందుకుని సింక్ వైపు తిరిగింది. యోగానంద్ రామమోహన్ కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు.

"బంగారంలాంటి మనిషి," అన్నాడు రామమోహన్. ఆ మాటతో తన నోరే తనకి కంపు కొట్టింది.

ఏప్రిల్లో ఒహాయోలో ట్రైనింగ్ అని సుమతితో చెప్పి, ఆఫీసులో పనిచేసే లిండాతో ఆస్ట్రేలియా వెళ్ళి విక్టోరియాలో పదిహేను రోజులు తిరిగొచ్చి, తీసిన స్లయిడ్లు ఇంట్లో ఉంటే కొంప మునుగుతుందని లిండా పడ్డవాటితో సహా ఆ డబ్బా మొత్తాన్ని యోగానంద్ దగ్గర దాచిపెట్టింది తనే.