చుక్కమ్మ గిట్టలు

ముసలిదాన్నని నా చేతిలోంచి బట్టల బకెట్ లాక్కున్నారు, సరే. ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి పిల్లలూ. రాళ్ళ మీద తిరగని మేకకు గిట్టలు ఏమవుతాయి? అరగవు. అరగక పెరిగి, వంకర తిరుగుతాయి.

చుక్కమ్మ అనే ముసలి మేకకు అదే జరిగింది. "ఈ వయసులో నీకు గుట్ట ఎందుకమ్మా, కూర్చో" అంటూ కొడుకు తుమ్మకొమ్మలు దొడ్లోకే తెచ్చిపెట్టేవాడు. "నా కాళ్ళు బాగానే ఉన్నాయిరా" అంటే వినేవాడు కాదు. మందంతా వాణ్ణి మెచ్చుకునేది.

ఒకసారి పెద్ద వానకు దొడ్లోకి నీళ్ళొచ్చాయి. అందరూ గుట్టెక్కేశారు. చుక్కమ్మ లేవబోయి, వంకర గిట్టల మీద నిలవలేక బురదలో కూలబడింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాక కొడుకు వెనక్కొచ్చి, తలతో నెట్టి నెట్టి పైకి చేర్చాడు.

"చూశావా, నీకు నడక చేతకాదని చెప్పలేదూ?" అన్నాడు.

చుక్కమ్మ కళ్ళెర్రజేసింది. "చేతకాకుండా చేసింది నువ్వురా. తిండి పెడుతున్నానని మురిసిపోతూ నా కాళ్ళు లాగేసుకున్నావు. రేపటి నుంచి కొమ్మలు తేకు. నేనే వస్తాను."

"పడిపోతావమ్మా."

"భయమైతే పక్కన నడువు. నా బదులు నడవకు."

మర్నాటి నుంచి అది కుంటుతూ, కొడుకుని తిట్టుకుంటూ రోజూ రాళ్ళ మీద తిరిగింది. రాయి తగిలి తగిలి గిట్టలు అరిగాయి. మళ్ళీ వాన ముంచుకొచ్చినప్పుడు తన కాళ్ళ మీదే గుట్టెక్కింది.

అర్థమైందిగా? ఆ బకెట్ ఇలా ఇవ్వండి. దుప్పట్లు ఇంకా ఆరేయలేదు. రెండో కొస పట్టుకోవాలనిపిస్తే వెంట రండి.