ఆఖరి టోఫు ముక్క

"ఉడికించొద్దమ్మా. పచ్చి టోఫు ఒక ముక్క ఇస్తే చాలు" అన్నాడు టోపీ పెట్టుకున్న పెద్దాయన.

కొట్లో అందరూ ఆయన వైపు తిరిగారు.

మా రేవులో పొద్దున్నే పచ్చి టోఫు, అంటే సోయా పాల జున్ను, అడిగేది జైలు నుంచి విడుదలైనవాడే. అది తింటే మళ్ళీ లోపలికి వెళ్ళరని నమ్మకం.

"ఏ జైలు తాతా?" చేపల వేలంపాట పాడే మాన్‌బోక్ కన్ను గీటాడు.

పెద్దాయన నవ్వాడు.

"టోఫు లేదు" అంది కొట్టు నడిపే ఓక్‌బున్. "ఉన్నదంతా మా ఆయనకీ, ఆయన పడవ వాళ్ళకీ. సరిహద్దు దాటారని పొరుగు దేశం జైల్లో పెట్టింది. ఇవాళే వస్తున్నారు. మీరు పులుసు తాగండి."

మూల బల్ల మీద పులుసు పెట్టింది. కొత్త విదేశాంగ మంత్రి నిన్న ప్రమాణం చేసిన దృశ్యం టీవీలో మళ్ళీ చూపిస్తున్నారు.

"నిలువెత్తు మనిషి!" అన్నాడు మాన్‌బోక్. "మొన్నటిదాకా తాత్కాలిక మంత్రి ఒకడుండేవాడు. పరాయి వాళ్ళ ముందు నడుం విరిగేలా వంగాడు. పేపర్లో ఫొటో చూశావా వదినా? మొహం కూడా లేదు, నడినెత్తి తప్ప!"

"వాడి పేరెత్తకు. ఫోన్ చేసీ చేసీ నా వేళ్ళు అరిగాయి. ఒక్కసారి పలికితేనా! అరువు కుర్చీలో కూర్చున్నవాడికి మా ఏడుపు ఏం పడుతుంది?"

పెద్దాయన చెంచా కింద పెట్టాడు.

"విడుదల మాట బయటికి పొక్కితే అవతలివాళ్ళు బిగుసుకుంటారని భయపడ్డాడేమోనమ్మా."

"జైలు నుంచి వచ్చి రాజకీయాలు చెబుతున్నాడు!" మాన్‌బోక్ పగలబడి నవ్వాడు.

రేవులో పడవ కూత వినిపించింది.

ఓక్‌బున్ గరిటె పడేసి గుమ్మంలోకి పరిగెత్తింది.

పెద్దాయన లేచి, టోపీ తీసి, ఆమెకు బాగా వంగి నమస్కరించాడు. ఆమె చూడలేదు. చూపంతా రేవు మీదే.

అందరూ రేవుకి పరిగెత్తారు. ఆయన మాత్రం బస్సు స్టాండు వైపు నడిచాడు.

రేవులో పడవ దిగినవాళ్ళకి కొత్త మంత్రి పూలగుత్తులిచ్చాడు. కెమెరాలు మెరిశాయి. చిక్కి సగమైన భర్త పాన్‌గిల్‌ని పట్టుకుని ఓక్‌బున్ కొట్టుకి తీసుకొచ్చింది. పడవ వాళ్ళంతా ఏడుస్తూ, నవ్వుతూ టోఫు తిన్నారు.

పళ్ళెంలో ఒక ముక్క మిగిలింది. దాన్ని భర్త ముందుకి తోసింది.

"అది ఆయనకి" అన్నాడు పాన్‌గిల్, గుమ్మం వైపు చూస్తూ. "ఇంకా రాలేదా?"

"ఎవరు?"

"మంత్రి. కొత్తాయన కాదు, ముందాయన. మమ్మల్ని చూడ్డానికి జైలుకే వచ్చాడు. తల వంచి క్షమాపణ చెబితేనే వదులుతామన్నారు వాళ్ళు. 'ఇది నా దేశం తల కాదు, నా ఒక్కడి తల' అని వంగాడు."

మాన్‌బోక్ టీవీ కట్టేశాడు.

"నీ కుర్చీ పోతుంది కదయ్యా అన్నాను. ఎటూ అరువుదే అన్నాడు."

ఓక్‌బున్ మూల బల్ల వైపు తిరిగింది. పెద్దాయన సగం తాగిన పులుసు గిన్నె ఇంకా అక్కడే ఉంది.

"మా ఆవిడది టోఫు కొట్టని చెబితే నవ్వి, 'మీరు దిగిన రోజే నాకూ విడుదల, ఆ పొద్దున వస్తాను, పచ్చిది ఒక ముక్క పెట్టమను' అన్నాడు."