అంకెల పెట్టె

"నా ఊపిరిని అంకెలు చేస్తుందా ఈ డబ్బా? తీసి అవతల పారెయ్!"

స్టెర్గియోస్ తాత క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని వేదిక మీద భీష్మించుకు కూర్చున్నాడు. మేరీమాత పండగకి చర్చి ముంగిట బల్లలు వేస్తున్నవాళ్ళంతా పని ఆపి ఇటు తిరిగారు. మైకుల పిల్ల అరెతీకి చెమటలు పట్టాయి. సొంతంగా మైకులు పెట్టడం ఆమెకిదే మొదటిసారి. ఈ ఊళ్ళో మాట పడితే చుట్టుపక్కల కొండల్లో ఇంకే ఊరివాళ్ళూ పిలవరు.

"ప్రతిధ్వని లేకుండా నువ్వు ఊదితే ఒక్కరైనా కాలు కదుపుతారా తాతా? ప్రతిధ్వని ఇచ్చే నీ పాత టేపు పెట్టె కిందటేడే చచ్చిపోయిందిగా."

"చచ్చినా మర్యాదగా చచ్చింది. ఇదేం చేస్తుందో చెప్పు ముందు."

అరెతీ ఓపిక తెచ్చుకుంది. "నువ్వు ఊదింది మైకులో పడి కరెంటు అల అవుతుంది. పెట్టెలో మొదటి చిప్పు ఆ అల ఎత్తు ఎంతో సెకనుకి వేలసార్లు కొలిచి, అంకెలుగా దాస్తుంది. ఆ అంకెల్నే కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ వదిలితే ప్రతిధ్వని. చివర్లో రెండో చిప్పు అంకెల్ని మెట్లలా పేర్చి, గరుకు లేకుండా సాపు చేసి, మళ్ళీ అల కట్టి స్పీకరుకిస్తుంది. అంతే."

"అంతేనా! మేకపాల చీజ్‌ని తురిమి, ఆ తురుము ముద్దచేసి, ఇది అసలు చీజే తినండి అంటావన్నమాట. మా ఆవిడ ముందు ఈ మాటనకు, అట్లకాడ తీసుకుంటుంది."

బల్లల దగ్గర అందరూ గొల్లుమన్నారు. పండగ పెద్ద కోస్మాస్ మాత్రం నవ్వలేదు. "ముందు ఊది చూడవయ్యా. పొద్దు వాలితే జనం దిగుతారు."

తాత టోపీని చెవుల దాకా లాక్కుని క్లారినెట్ ఎత్తాడు. పండగ మొదట్లో, పోయినవాళ్ళని తలుచుకుంటూ ఊదే శోకరాగం అందుకున్నాడు. రెండు ఊపిరులకే అరెతీ ఒళ్ళు జలదరించింది. ఎంత ముసలివాడైనా ఈ మనిషి ఊదుతుంటే ఎదురుగా ఉన్న కొండ కూడా నోరు మూసుకుంటుంది.

అంతలో, రాగం మధ్యలోంచి, "కీ..." అని ఒక ఈల. పెట్టె దాన్ని అందుకుని "కీ... కీ... కీ..." అంటూ ఊరంతా పంచింది.

వీణలాంటి లౌటో వాయించే మిల్టోస్ రెండు చెవులూ మూసుకున్నాడు. తాత ఇంకాస్త ఊది, అందరి ముఖాలూ చూసి ఆగాడు.

"ఏమైందిరా?"

"ఈల తాతా! చెవిలో సూది గుచ్చినట్టు!"

"ఆఁ... ఆఁ, విన్నాను, విన్నాను" అన్నాడు తాత గబగబా. "నేను చెప్పలా? అంకెల ఏడుపు అది!"

అరెతీ పెట్టెని తప్పించి, మైకు తీగ తిన్నగా స్పీకర్లకి కలిపింది. తాత గెలిచినవాడిలా టోపీ తీసి విసురుకుని, బోడితలతోనే ఊదాడు. ఈల లేదు. ప్రతిధ్వనీ లేదు. ఉప్పు లేని కూరలా ఉంది.

"చూశావా!" అన్నాడు తాత.

అరెతీ తీగలన్నీ మార్చింది. స్పీకర్లని వెనక్కి జరిపింది, సౌండు తగ్గించింది. పెట్టెని మళ్ళీ పెట్టి బతిమాలింది. "ఇంకొక్కసారి తాతా, నా కోసం."

"ఒక్కసారేం ఖర్మ, తెల్లారేదాకా ఊదుతా!" అని తాత పంతంగా టోపీ చెవుల మీదకి దిగలాగాడు.

కీ... కీ... కీ...

కోస్మాస్ ఫోన్ తీశాడు. "అమ్మాయ్, నీ మీద నాకేం కోపం లేదు. కానీ శోకరాగంలో ఈల వేస్తే, సమాధిలోంచి మా అమ్మ లేచొచ్చి నన్ను తంతుంది. పట్నంలో పాత మైకులాయన్ని పిలుస్తాను." సిగ్నల్ కోసం చర్చి మెట్ల వైపు నడిచాడు.

అరెతీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇక చేసేదేముంది? వెళ్ళి మొత్తం కరెంటు ప్లగ్గు పీకేసింది. పెట్టె దీపాలు ఆరిపోయాయి. స్పీకర్లు మూగబోయాయి. తాత ముందున్న మైకు విప్పుదామని వంగింది.

"కీ..."

సన్నగా, దోమ పాడినట్టు. కరెంటు లేని వేదిక మీద.

అరెతీ పెట్టె వైపు చూసింది, స్పీకర్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా తాత ముఖం దగ్గరకి వంగింది. టోపీ అంచు కింద, చెవి వెనక, చిక్కుడు గింజంత వినికిడి మిషను. టోపీ నొక్కినప్పుడల్లా పాపం అది ఈల వేస్తోంది.

తాత ముఖం తెల్లబోయింది. ఆమె చూపు ఎక్కడుందో గమనించాడు. "పిల్లా," అన్నాడు గొంతు తగ్గించి, "క్లారినెట్ వాడికి చెవుడని తెలిస్తే, ఇక నన్ను ఎవరు..."

అరెతీ కోపమంతా అక్కడే కరిగిపోయింది. చిన్నపిల్లాడికి సర్దినట్టు టోపీని చెవి పైకి జరిపింది. ఈల ఆగిపోయింది. 

"తాతా," అంది అతని చెవి దగ్గర, "దీన్లోనూ ఉన్నవి అలాంటి చిప్పులే. నువ్వు అంకెలు కాని ఊపిరి విని ఎన్నాళ్ళయింది?"

తాత ఒక్క క్షణం కళ్ళు మిటకరించాడు. తర్వాత లేచి నిలబడి, చర్చి గంట అదిరేలా కేక పెట్టాడు.

"ఒరేయ్ కోస్మాస్, ఫోన్ పెట్టెయ్! ఈ పిల్ల పెట్టెలోంచి వచ్చేదే అసలైన ఊపిరి. నా చెవులు ఎప్పుడైనా అబద్ధం చెప్పాయా?"