రెండో కుర్చీ తీర్మానం

ప్రతి ఇల్లూ ఒక స్వతంత్ర గణతంత్రమని సంస్కరణ చట్టం చాటిన కాలమది. మంచం మడిస్తే బల్లయ్యే ఒంటిగది రాజ్యానికి పుండరీకాక్షయ్యగారు అధ్యక్షులు. ప్రజలు కూడా ఆయనే. గోడలోని యంత్రం ఏ వస్తువు అడిగినా తయారుచేసి ఇచ్చేది. రెండో కుర్చీకి మాత్రం తీర్మానాన్ని బలపరిచే మరొక పౌరుడు కావాలంది.

కుర్చీలోంచే ఆయన ఎదురింటి గుమ్మంలోని హైమవతిని వేడుకున్నారు: "కాస్త బలపరచమ్మా. నువ్వొస్తే కూర్చోవడానికే."

"మీది పరాయి దేశం బాబాయిగారూ, నేను వేలుపెట్టకూడదు. ఉన్న ఒక్క కుర్చీ మీరు వదలరు, కాఫీకొచ్చి నిలబడమంటారా?" అని నవ్వి తలుపు వేసుకుంది.

అధ్యక్షులవారు సకల లాంఛనాలతో కుర్చీ దిగి, దాన్ని గుమ్మం వైపు తిప్పి, నేలమీద చతికిలబడ్డారు. కుర్చీని తనంతట తాను వదులుకున్న తొలి పాలకుడాయనే. ఆ ఘట్టాన్ని చూడవలసిన తలుపు మాత్రం తెరుచుకోలేదు.