కులం లేనివాడు

"ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తావా, వెళ్ళవా? అది చెప్పు చాలు!"

లాయరు శశిభూషణ్ గొంతు రాజమండ్రి కోర్టు హాల్లో ఖంగుమంది. బోనులో ఆశీర్వాదం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాపీ పని చేసుకు బతికే మనిషి. తల్లి పోతే శవపేటికని భుజాన వేసుకుని శ్మశానం దాకా తీసుకెళ్ళాడు. వాళ్ళ ఊరి ఆసామి హరిబాబు గేటుకి తాళం వేయించి, నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టి, వచ్చినదారినే పొమ్మన్నాడు. దాని మీద అట్రాసిటీ కేసు. రుజువైతే హరిబాబుకి జైలు తప్పదు. అందుకే పెద్ద లాయర్ని పెట్టుకున్నాడు.

"వెళ్తానండి."

"బాప్తిస్మం తీసుకున్నావా?"

"చిన్నప్పుడేనండి. మా తాతల కాలం నుంచీ అందరం..."

"అంటే క్రైస్తవుడివి."

"అవునండి. కానీ అయ్యా, ఆరోజు సమాధుల దొడ్డి దగ్గర ఆయనేమన్నారంటే..."

"శ్మశానం దగ్గర. సరే, ఏమన్నారు?"

"మీవాళ్ళ ఎముకలు మావాళ్ళ పక్కన ఉండటానికి వీల్లేదన్నారండి. ఆ గోడ కట్టేటప్పుడు ఇటుకలు మోసింది మా అమ్మేనండి. చివరికి అమ్మని కాలవ గట్టున పూడ్చుకున్నాం. అసలు ఆయన కూడా..."

"యువరానర్! సాక్షి కథలు చెబుతున్నాడు."

"అడిగినదానికే జవాబు చెప్పవయ్యా" అన్నారు జడ్జిగారు. ఆశీర్వాదం నోరు మూసుకున్నాడు. అతని తరఫున మాట్లాడాల్సిన ప్రభుత్వ లాయరు బల్ల కింద ఫోను చూసుకుంటున్నాడు.

నిజం చెప్పాలంటే శశిభూషణ్ ఆ కేసు కట్ట పూర్తిగా చదవనే లేదు. మొదటి పేజీలో ఫిర్యాదు చేసినవాడి పేరు చూడగానే ఎక్కడ కొట్టాలో తెలిసిపోయింది. ఇక ఆ ఊరేమిటో, ఆ గోడేమిటో, గోడకి అవతల పడుకున్నవాళ్ళెవరో తనకి దేనికి? పొద్దున్నే మార్కండేయస్వామి గుడికి వెళ్ళి, దణ్ణం పెట్టుకుని, క్లయింటుకి కూడా విభూతి పొట్లం తెచ్చాడు. హరిబాబు దాన్ని మర్యాదగా అందుకుని జేబులో పెట్టుకున్నాడు.

శశిభూషణ్ గౌను సర్దుకున్నాడు.

"యువరానర్! రాజ్యాంగం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఏమంటోంది? హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళే షెడ్యూల్డు కులాల కిందకి వస్తారంటోంది. దానికి అర్థమేమిటో సుప్రీంకోర్టు ఎప్పుడో విడమరిచి చెప్పింది. ఈ దేశంలో ఆపైన ఇంకో కోర్టు లేదు. ఏసుక్రీస్తు ముందు అందరూ సమానమే. క్రైస్తవంలో కులమన్నదే లేదు. మరి కులమే లేనివాణ్ణి కులం పేరుతో అవమానించడం ఎలా కుదురుతుంది? ఖాళీ జేబు కొట్టేశారని కేసు పెట్టినట్టుంది!"

హాల్లో నవ్వులు లేచాయి. ఆశీర్వాదం నవ్వలేదు. హరిబాబు కూడా నవ్వలేదు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పాపం, వెంకన్నకి మొక్కుకుంటున్నాడనుకున్నాడు శశిభూషణ్.

భోజనాల వేళ దాటాక తీర్పు వచ్చింది. ఆ చట్టం కింద కేసు నిలవదన్నారు జడ్జిగారు. కొట్టేశారు.

వరండాలో జూనియర్లు చుట్టూ చేరి పొగుడుతుంటే శశిభూషణ్ కాలు నేల మీద నిలవడం లేదు. అంతలో ఆశీర్వాదం దగ్గరికొచ్చాడు. తిట్టడానికొచ్చాడేమోనని జూనియర్లు అడ్డం నిలబడ్డారు.

"ఏంటయ్యా?"

"నాకు కులం లేదని పెద్దకోర్టు చెప్పిందన్నారు కదండి. ఆ కాగితం నాకొకటి ఇప్పిస్తారాండి?"

"నీకెందుకు?"

"చూపిస్తే ఆ గేటు తీస్తారేమోనండి. అమ్మని తెచ్చుకుంటాను."

శశిభూషణ్‌కి జాలేసింది. గెలిచిన పూట జాలేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"అది వేరే సంగతయ్యా. దానికి ఇంకో కేసు వేసుకోవాలి" అని మొహం తిప్పుకున్నాడు.

"ఇంకో కేసా అండీ" అన్నాడు ఆశీర్వాదం. తలొంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

హరిబాబు పరుగులాంటి నడకతో వచ్చి లాయరుగారి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"పరువు నిలబెట్టారండి! ఈ ఆదివారం మా ఊళ్ళో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామండి. అమ్మగారినీ పిల్లల్నీ తీసుకుని తప్పకుండా రావాలి. ప్రార్థన అయ్యాక భోజనాలు."

"ప్రార్థనా?" శశిభూషణ్‌కి అర్థం కాలేదు. "ఎక్కడండీ?"

"చర్చిలోనండి. మా తాతగారు కట్టించిన చర్చి. ఆ సమాధుల దొడ్డి కూడా ఆయన ఇచ్చిందే. ప్రభువు మన పక్షాన నిలబడ్డాడండి!"

ఎముకలు, మావాళ్ళ పక్కన, అసలు ఆయన కూడా... బోనులో ఆశీర్వాదం చెబుతుంటే శశిభూషణ్ తుంచేసిన మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చాయి. హరిబాబు చేతుల్లోంచి తన చేతులు మెల్లగా లాక్కున్నాడు.

"అంటే... ఆ ఆశీర్వాదం వెళ్ళే చర్చేనా అండీ?"

హరిబాబు మొహం చిట్లించాడు.

"భలేవారండీ! మా చర్చిలోకి వాళ్ళని ఎందుకు రానిస్తామండీ?"